చూపుల పిండి

కొడుకు పిండిని ఎడమ చేత్తో ఎగరేస్తున్నాడని ఆమె శనివారం మధ్యాహ్నం గమనించింది.

ప్లేట్లు అందించే కిటికీలోంచి చూస్తే ఇటాలియన్ హాలు సగమే కనిపిస్తుంది. ఆ సగం చివర వీధివైపు పెద్ద అద్దం, అద్దానికి ఇవతల ఎత్తైన చెక్క దిమ్మె, దిమ్మె మీద నిలబడ్డ అతని వీపు. పిండి గాల్లోకి లేచి, గిర్రున తిరిగి, వెడల్పై, ఒక్క క్షణం గొడుగులా నిలిచి కిందికి దిగుతుంది. ఎప్పుడూ కుడి పిడికిలి మీద దిగేది ఆ రోజు ఎడమ పిడికిలి మీద దిగింది. కుడి చెయ్యి నడుముకి ఆనుకుని, పని లేక తోడొచ్చిన చుట్టంలా ఊరికే ఉంది.

ఆమె వేళ్ళ మధ్య కూర నింపిన మోమో సగం మడతలో ఆగిపోయింది.

"ఏంటి పెద్దమ్మా, దాన్ని నోరు తెరిపించి వదిలేశారు? మీతో ఏదైనా చెప్పుకోవాలంటోందా?" అన్నాడు వోక్ మాస్టరు, మంట మీద పెనం ఊపుతూనే.

కంట్లో పిండి పడిందని చెప్పి ఆమె తల వంచుకుంది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. చెప్పినప్పుడల్లా మెడ ఎర్రబడుతుంది. అందుకని మెడ కనబడకుండా మరీ వంగి మడతలు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ వీధిలో జనానికి అవి రెండు హోటళ్ళు. పచ్చ తలుపు తోస్తే ఇటాలియన్, పక్కనే ఎర్ర తలుపు తోస్తే ఏషియన్. సాయంత్రాలు కుటుంబాలు రెండు తలుపుల మధ్యా నిలబడి పాస్తానా, నూడుల్సా అని వాదించుకుంటాయి. పిల్లలు ఒక తలుపు దగ్గర మారాం చేస్తే పెద్దవాళ్ళు రెండో తలుపుకేసి లాక్కుపోతారు. నిరుటి నుంచి ఇటు తప్ప అటు కాలు పెట్టనని శపథం పట్టిన ముసలాయన కూడా ఒకడున్నాడు. వెనకాల వంటిల్లు మాత్రం ఒక్కటే. ఒకే బస్తాలోని ఉల్లిపాయ ఇటు వెళ్ళి పిజ్జా అవుతుంది, అటు వెళ్ళి ఫ్రైడ్ రైసు అవుతుంది. ఈ మాట బయట అనకూడదని ఓనరు పనిలో చేరిన రోజే అందరికీ చెబుతాడు. వంటింట్లో అందరూ అతన్ని సారనే పిలుస్తారు.

అద్దం ముందు ఎగిరే పిండిని ఎవరూ తినరు. వంటింట్లో దాన్ని చూపుల పిండి అంటారు. ఉప్పు ఎక్కువ వేసి, నీళ్ళు తగ్గించి, రబ్బరులా సాగేదాకా పిసికి, పొద్దున్నే ఆమె కొడుకే ఆ ముద్ద తయారుచేసుకుంటాడు. రోజంతా అదే ముద్ద ఎగురుతుంది, అదే దిగుతుంది, అదే మళ్ళీ ఉండవుతుంది. అసలు పిజ్జా పిండి వెనక మిషను రోలర్ల మధ్య చడీచప్పుడు లేకుండా నలిగి ఓవెన్‌లోకి పోతుంది. జనం అతని చేతులు చూసి లోపలికొచ్చి, మిషను చేసింది తిని, చేత్తో చేసినదాని రుచే వేరని మెచ్చుకుని వెళ్తారు. చక్రం తిప్పినట్టు తిప్పుతాడని అతనికి చక్రం అనే పేరు పడిపోయింది. ఇంట్లో పెళ్ళాం కూడా కోపం వస్తే అలాగే పిలుస్తుంది.

ఎడమ చేత్తో తిప్పితే ఏమవుతుంది, సరదాకి తిప్పుతున్నాడేమో అని ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకుంటూనే, పక్షవాతం ముందు కుడి చేతికే వస్తుందని ఎవరో అనగా విన్నది గుర్తుచేసుకుంది. మళ్ళీ కిటికీలోంచి తొంగిచూసింది. పిండి లేచింది, దిగింది. ఎడమ పిడికిలే.

*

జనం పలచబడ్డాక వంటింటివాళ్ళు సామాన్ల గది గుమ్మం దగ్గర కూర్చుని తింటారు. మిగిలిన అన్నంలో వోక్ మాస్టరు గుడ్డు కొట్టి అందరికీ వేయించి పెడతాడు. ఆమె కొడుకు పక్కన చోటు చూసుకుని కూర్చుంది. అతను చెంచాని చంటిపిల్లాడిలా పిడికిట్లో పట్టుకున్నాడు. గిన్నె మీదికి తలే దిగుతోంది గాని చెంచా పైకి లేవడం లేదు. ఒకసారి చెంచా తిరగబడి మెతుకులు ఒళ్ళో పడ్డాయి. అతను వాటిని ఎడమ చేత్తో ఏరి నోట్లో వేసుకున్నాడు.

చేతికేమైందని ఆమె అడిగింది. పడుకున్నప్పుడు ఒత్తుకుపోయిందన్నాడు. ఎప్పుడు, ఏ వైపు తిరిగి పడుకున్నప్పుడు, తల తిరుగుతోందా, మాట తడబడుతోందా, ఏదీ ఒకసారి నవ్వు, మూతి వంకర పోతోందేమో చూస్తాను అంది. వోక్ మాస్టరు ముందే నవ్వాడు. మూతి వంకరని చూసి మనుషుల్ని ఆసుపత్రికి పంపేట్టయితే పెద్దమ్మ అందరికంటే ముందు తననే పంపాలన్నాడు. కొడుకు కూడా నవ్వాడు. మూతి తిన్నగానే ఉంది. ఆమెకి కొంచెం ఊపిరి ఆడింది. కాని అతను లేచి గిన్నె కడగడానికి వెళ్ళినప్పుడు కుళాయిని మోచేత్తో తిప్పడం చూసి, ఆడిన ఊపిరి మళ్ళీ బిగుసుకుంది.

ఆ రోజు సాయంత్రం పని అయ్యేదాకా ఆమె మనసు మనసులో లేదు. ఎప్పుడూ ఒక్కలా వరసగా కూర్చునే మోమోలు ఆ రోజు పొట్టివీ పొడుగువీ కలిసిపోయాయి.

*

ఆదివారం పొద్దున పంపు నీళ్ళు పడుతూ ఆమె కొడుకు గదివైపు చూసింది. తలుపు ఓరగా ఉంది. అతను మంచం అంచున కూర్చుని గడ్డం పైకెత్తి ఉన్నాడు. ఎదురుగా కోడలు వంగి అతని చొక్కా బొత్తాలు పెడుతోంది. పనుల్లో ఒక పని అన్నట్టు, ఇద్దరికీ రోజూ అలవాటే అన్నట్టు, ఒక్క మాట లేకుండా పెడుతోంది. మణికట్టు దగ్గర బొత్తాం పెట్టేటప్పుడు మాత్రం అతని కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లిగా తిప్పింది, పగిలే వస్తువేదో సర్దుతున్నట్టు.

బకెట్టు నిండి పొర్లిపోయింది. ఆమెకి చప్పుడు వినబడలేదు.

అతను బయటికి వెళ్ళాక ఆమె కోడలి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. కోడలు దర్జీ కొట్టులో పనిచేస్తుంది. తక్కువ మాట్లాడే మనిషి. చెప్పకపోతే ఇక్కడే కూర్చుని ఏడుస్తానని అత్తగారు బెదిరిస్తే, చుట్టూ చూసి గొంతు తగ్గించి చెప్పింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. ఏళ్ళ తరబడి ఒకే తిప్పుడు తిప్పడం వల్లట. మొదట్లో రాత్రిళ్ళు తిమ్మిరి, తర్వాత పొద్దున కూడా. ఇప్పుడు బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తనవో కాదో తెలియడం లేదట. డాక్టరు విశ్రాంతి ఇవ్వమన్నాడు, లేకపోతే మణికట్టు కోసి నరం వదులు చేయాల్సి వస్తుందన్నాడు.

కొయ్యడం అనే మాట దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి. తర్వాత చెప్పిందంతా పైపైనే పోయింది.

"అత్తయ్యా, వింటున్నారా? హోటల్లో ఎవరికీ తెలియకూడదు. మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి, చాలు."

"కొన్నాళ్ళంటే? ఈలోగా చెయ్యి పడిపోతే?"

"పడిపోదు."

"నీకేం తెలుసు పడిపోదని?"

కోడలు ఏదో చెప్పబోయి ఆగింది. ఆ ఆగడం అత్తగారు చూసింది గాని, చెప్పలేని రోగం ఇంకేదో ఉందని అర్థం చేసుకుంది. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నిజంగా చెప్పకూడదనే అనుకుంది.

*

ఆదివారం రెండు హాళ్ళూ కిటకిటలాడతాయి. ఇటాలియన్ వైపు ఒక కుటుంబం ఎవరిదో పుట్టినరోజని బల్లలు కలిపించుకుని కూర్చుంది. పెద్దాయన ఒకాయన తిరిగి తిరిగి మెనూ చదివి, ఈ పేర్లన్నీ పలికేసరికే కడుపు నిండిందని అన్నాడట. ప్లేట్లు తెచ్చే అమ్మాయి ఆ మాట వంటింట్లో చెప్పి అందరినీ నవ్వించింది. పిల్లలు దిమ్మె చుట్టూ మూగి ఇంకా పైకి, ఇంకా పైకి అని చప్పట్లు కొడుతున్నారు. జనం చూస్తున్నారని కాబోలు, అతను మళ్ళీ కుడి చేత్తోనే తిప్పుతున్నాడు. ఆమె కిటికీలోంచి అంతా చూస్తోంది. చేతులు మడతలు పెడుతున్నాయి, కళ్ళు మాత్రం అక్కడే.

పిండి లేచింది. బాగా లేచింది. కింద కుడి చెయ్యి సరైన చోటే ఉంది. పిండి వచ్చి పిడికిలి మీద పడి, పట్టు దొరక్క, మోచేతి మీదుగా జారి నేల మీద చదునుగా పరుచుకుంది. అతను వెంటనే వంగి దాన్ని తీసి, తువ్వాలులా భుజాన వేసుకుని, పిల్లలకి దండం పెట్టాడు. అందరూ పగలబడి నవ్వారు. పుట్టినరోజు పెద్దాయన లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

వంటింట్లో ఆమె ఒక్కతే నవ్వలేదు. కొడుకు దండం పెట్టేటప్పుడు రెండు అరచేతులూ ఒకదానికొకటి తగలకపోవడం ఆమె చూసింది.

కాసేపటికి అతను లోపలికి వచ్చాడు. రద్దీ ఎక్కువైతే ఓవెన్ మాస్టరుకి సాయంగా వేడి పళ్ళేలు కూడా అందిస్తుంటాడు. ఒక పళ్ళెం దించి, వెనక్కి తిరిగి ఏదో చెబుతూ ఓవెన్ అంచుకి చెయ్యి ఆనించాడు. ఆనించిన చెయ్యి తియ్యలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. ముందు వాసన ఆమెకే తగిలింది. పిండి మాడే వాసన కాదు అది.

ఆమె బల్ల దాటి ఎలా వెళ్ళిందో తెలియదు. అతని చెయ్యి లాగి కుళాయి కింద పెట్టింది. చూపుడువేలు పక్కన చర్మం తెల్లగా పొంగింది. అతను ఆ వేలిని ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు. నొప్పిగా ఉందా అని అడిగింది. లేదమ్మా అన్నాడు. ఆ లేదు అన్న మాటే ఆమెని నిలువునా కూల్చేసింది. నొప్పి అని అరిచి ఉంటే నెయ్యో నూనెనో రాసి ఊరుకునేది. నిప్పు తగిలినా తెలియని చెయ్యి అది. రేపు మంట అంటుకుంటే? మిషను రోలర్లలోకి పోతే? నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి. ఆమె కళ్ళ ముందు మాత్రం మోచేతి దాకా కట్టు కట్టిన ఒక మొండి చెయ్యి కనబడుతూ ఉంది.

*

సోమవారం హోటళ్ళు సాయంత్రమే తెరుస్తారు. మధ్యాహ్నం సామాన్లు దించుకునే వేళకి సారు ఒక్కడే తన గదిలో కూర్చుంటాడు. ఆమె గుమ్మంలో నిలబడి, ఒకసారి వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. అతను తలెత్తి చూసి, రండమ్మా కూర్చోండి అని, టీ తెమ్మని కేక వేశాడు. మంచివాడే. పనివాళ్ళని ఎప్పుడూ ఏకవచనంతో పిలవడు. ఆ మంచితనం చూసే ఆమెకి ధైర్యం వచ్చింది.

అంతా చెప్పేసింది. నరం సంగతి, బొత్తాల సంగతి, ఆదివారం పిండి ఎందుకు జారిందో, వేలు ఎలా కాలిందో. వాడు చెప్పుకునే రకం కాదని, తల్లిని కాబట్టి చూస్తూ ఊరుకోలేకపోయానని అంది. ఆ దిమ్మె మీంచి కొన్నాళ్ళు దించి, వేరే ఏదైనా పని ఇప్పించమని చేతులు జోడించింది.

సారు శ్రద్ధగా విన్నాడు. వినేవాళ్ళు దొరికితే ఆమె మాటకి అడ్డూ ఆపూ ఉండదు.

"ఏ పనైతే బావుంటుందంటారు?" అని అతను అడిగాడు.

"కూరగాయలు తరిగే దగ్గర వేయండి సార్. కూర్చుని చేసే పని." అని, మరుక్షణమే ఉలిక్కిపడింది. "వద్దు సార్, కత్తి వద్దు. వేలు తెగినా వాడికి తెలీదు."

"మరి గిన్నెల దగ్గర?"

"అక్కడ మరిగే నీళ్ళు. చెయ్యి పెడితే ఉడికిపోతుంది."

"హాల్లో ప్లేట్లు ఇవ్వడానికి?"

ఆమె కాసేపు ఆలోచించింది. సూపు గిన్నె చేతిలోంచి జారడం, కింద కూర్చున్న ఎవరి పిల్ల మీదో వేడివేడిగా పడడం, ఆ పిల్ల తల్లి కేకలు, పోలీసులు అన్నీ వరసగా కనబడ్డాయి. కనబడ్డవన్నీ చెప్పింది. సారు బల్ల మీద ఉన్న పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"మీరే అంటున్నారు కదమ్మా," అన్నాడు మెల్లగా.

తను ఏమందో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు. మంచి పని చేశారని, మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుందని, ఏం చేయాలో తనకి వదిలెయ్యమని అతను అన్నాడు. టీ చల్లారిపోతోంది, తాగమన్నాడు. ఆమె టీ తాగుతుంటే చాలాసేపు ఆమె వేళ్ళకేసి చూసి, ఇప్పటికీ అన్ని మడతలు ఎలా పెడతారమ్మా, కళ్ళజోడు కూడా లేకుండా అని మెచ్చుకున్నాడు. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళేటప్పుడు తేలిగ్గా నడిచింది. దారిలో కొడుక్కి ఇష్టమని తియ్యటి బన్నులు కూడా కొంది.

*

మంగళవారం హోటలు తెరవకముందే సారు చక్రాన్ని గదిలోకి పిలిచాడు. తలుపు మూసుకుంది. ఎంతోసేపు పట్టలేదు.

అతను బయటికొచ్చి తిన్నగా తన దిమ్మె దగ్గరికి వెళ్ళాడు. పొద్దున పిసికి తడిగుడ్డ కప్పిన ముద్దని చెత్తబుట్టలో వేశాడు. దిమ్మె తుడిచాడు. తర్వాత ఏప్రన్ ముడి విప్పుకోబోయాడు. వెనకాల ముడి. ఎడమ చెయ్యి ఒక్కటీ తంటాలు పడింది. కుడి చెయ్యి తాడు అంచుని తడుముతోంది గాని పట్టుకోవడం లేదు. వంటింట్లో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు నటిస్తున్నారు. ఎప్పుడూ నోరు మూయని వోక్ మాస్టరే మంట తగ్గించి వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆ ముడి విప్పి, ఏప్రన్ మడిచి చేతికిచ్చాడు.

ఆమె మోమోల బల్ల దగ్గరే నిలబడి ఉంది. అతను ఎదురుగా వచ్చి ఆగాడు.

"నువ్వు చెప్పావా అమ్మా?"

"చెప్పాను రా. నీ మేలు కోసమే..."

"సరే," అన్నాడు.

కోప్పడలేదు. చెయ్యి బాగయ్యాక వచ్చి కనబడమన్నారని, నిప్పు తగిలినా తెలియని మనిషిని వంటింట్లో పెట్టుకుని రేపేదైనా జరిగితే తనకి తలవంపులని సారు అన్నారని, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు. వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమె పనిలో కూర్చోలేక ఒంట్లో బాగాలేదని ఇంటికొచ్చేసింది. కొడుకు ఇంట్లో లేడు. కోడలు కొట్టులోంచి వచ్చేసి ఉంది. అప్పుడు చెప్పింది, ఆదివారం పెరట్లో చెప్పబోయి ఆగిన మాట. ఊరి అవతల సారు ఇంకో హోటలు తెరుస్తున్నాడు. ఓవెన్ మాస్టరుని అక్కడికి పంపిస్తాడు. ఆ చోటు చక్రానికి ఇస్తానని ఎప్పుడో మాటిచ్చాడు. ఓవెన్ దగ్గరైతే పొడుగు కర్రతో పళ్ళేలు లోపలికి తోయడం, తీయడం, అంతే. తిప్పే పని లేదు. చేతికి విశ్రాంతి దొరుకుతుంది. అప్పటిదాకా ఎవరికీ తెలియకుండా నెట్టుకొద్దామని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఓవెన్ అంటే మంటలని మీరు భయపడతారని. భయపడి వెళ్ళి సారుతో చెప్పేస్తారని."

కోడలు ఈ మాట నిష్ఠూరంగా అనలేదు. లెక్క ఎక్కడ తప్పిందో చూసుకుంటున్నట్టు అంది. ఆమె గోడకి చేరగిలబడింది. జీవితమంతా ఆమె భయపడనిది లేదు. దొంగలకి, జ్వరాలకి, గ్యాసుబండకి, రోడ్డు దాటడానికి, మబ్బు పట్టడానికి, అన్నిటికీ ముందుగానే భయపడి పెట్టుకుంది. ఒక్కటే మిగిలిపోయింది. తన నోటికి భయపడాలని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

సాయంత్రం సారు మనిషిని పంపించాడు. వెళ్ళింది. వాణ్ణి మళ్ళీ తీసుకోమని కాళ్ళావేళ్ళా పడదామనే వెళ్ళింది. అతను ఆమెని మాట్లాడనివ్వలేదు. మనసులో ఏమీ పెట్టుకోవద్దన్నాడు, మీ ఇల్లు నేను చూసుకోనా అన్నాడు. ఎగిరే పిండి జనానికి పాతబడిపోయిందని, అమ్మ చేతి వంట అంటే ఇప్పుడు విరగబడతారని, ఎన్నాళ్ళ నుంచో ఈ ఆలోచన మనసులో ఉందని చెప్పాడు. బుధవారం నుంచి ఆమె అద్దం ముందు కూర్చోవాలి. మధ్యాహ్నం ఎర్ర తలుపు పక్క మోమోలు మడవాలి, సాయంత్రం పచ్చ తలుపు పక్క పాస్తా పిండిలో కూర పెట్టి రావియోలీ ఒత్తాలి. ఎవరైనా పలకరిస్తే బదులు చెప్పనక్కర్లేదు, నవ్వితే చాలు. బల్ల మీద ఒక సంచీ పెట్టాడు. అందులో మధ్యాహ్నానికి నల్ల టోపీ, సాయంత్రానికి తెల్ల లేసు రుమాలు.

ఆమె సంచీ పట్టుకుని వంటింట్లోంచి వస్తుంటే వోక్ మాస్టరు తొంగిచూశాడు. సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"మధ్యాహ్నం ఒక దేశం అమ్మమ్మ, సాయంత్రం ఇంకో దేశం అమ్మమ్మ. మీకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు పెద్దమ్మా," అన్నాడు. అని, తన మాటకి తనే నవ్వలేక, పెనం రుద్దడానికి అటు తిరిగిపోయాడు.

*

బుధవారం పొద్దున ఆమె వెళ్ళనని చెప్పింది. కొడుకు నోటి దగ్గర కూడు తీసి తను తింటుందా అంది. సంచీ గుమ్మం అవతల పెట్టింది. ఇళ్ళల్లో గిన్నెలు తోముకుంటాను గాని ఆ అద్దం ముందు కూర్చోనంది. రాత్రంతా తయారుచేసుకున్న మాటలవి. అన్నీ ఒక్క గుక్కలో అనేసింది.

కొడుకు కిటికీ దగ్గర కూర్చుని వింటున్నాడు. గడ్డం గీసుకోలేదు. చొక్కా బొత్తాలు సగం ఊడే ఉన్నాయి. ఆమె మాటలు అయిపోయాక లేచి వెళ్ళి సంచీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"కాస్త మైదా కలిపి పెట్టు," అన్నాడు పెళ్ళాంతో.

కోడలు ఒక ముద్ద కలిపి తెచ్చింది. అతను కుర్చీ లాగి తల్లిని కూర్చోబెట్టాడు. తను ఎదురుగా కూర్చున్నాడు. మధ్యలో బల్ల, బల్ల మీద పిండి.

"మడువు."

ఆమె మడిచింది. ఏళ్ళ తరబడి చేసినట్టే, బల్లకి దగ్గరగా వంగి, అరచేతుల్లో దాచుకుని.

"అలా అయితే నీ నడినెత్తి తప్ప ఇంకేం కనబడదు. వీధిలో వాడికి నీ వేళ్ళు కనబడాలి. తల ఎత్తు. మెల్లిగా చెయ్యి. నువ్వు ఎంత గబగబా చేస్తే వాళ్ళు అంత గబగబా వెళ్ళిపోతారు."

"జనం మొహాల్లోకి చూడాలా?"

"చూడకు. చూస్తే చెయ్యి ఆగుతుంది. వాళ్ళ నెత్తి మీదుగా చూడు. ఎదురు కొట్టు బోర్డు ఉంటుంది, దాన్ని చూడు."

"నవ్వాలంటగా?"

"చిరాగ్గా లేకపోతే చాలు. నవ్వినట్టే ఉంటుంది."

అతను చెప్పిన ప్రతి మాటా పనికొచ్చేదే. అద్దం వేడెక్కినప్పుడు చెమట ఎలా తుడుచుకోవాలో, మూత్రానికి ఎప్పుడు లేవాలో, పిల్లలు అద్దం మీద కొడితే ఉలిక్కిపడకుండా ఎలా ఉండాలో చెప్పాడు. దిమ్మె మీద నిలబడ్డన్నాళ్ళూ ఇదంతా ఎవరూ అతనికి నేర్పలేదు. అతనొక్కడే నేర్చుకున్నాడు. ఆమె కిటికీలోంచి రోజూ వీపు చూసింది గాని ఆ వీపుకి అవతల ఏం జరుగుతోందో ఇవాళే వింటోంది. అడగవలసినవి ఎన్నో గొంతులో ఉన్నాయి. చెయ్యి ఎలా ఉంది, కోయించుకుంటావా, ఎప్పటికైనా బాగవుతుందా, నా మీద కోపమా. ఒక్కటీ బయటికి రాలేదు.

"ఇంకా కిందకే ఉంది," అన్నాడతను.

కుడి చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు, పైకి లేపి చూపించడానికి.

పట్టు బిగుసుకుంది. ముందు గట్టిగా, తర్వాత మరీ గట్టిగా. ఎముకకీ ఎముకకీ మధ్య ఏదో నలిగినట్టయి, నొప్పి మోచేతి దాకా పాకింది. ఆమె కొడుకు మొహంలోకి చూసింది. అక్కడ కోపం లేదు, కసి లేదు. పిండి కేసి చూస్తూ, చెయ్యి ఎంత ఎత్తులో ఉంటే అద్దంలోంచి బాగా కనబడుతుందో చూసుకుంటున్నాడు. ఎంత బలంగా పట్టుకున్నాడో అతనికి తెలియదు. పట్టుకున్నాడన్న సంగతి కళ్ళతో చూస్తే తప్ప తెలియదు.

"ఇదిగో, ఇంత ఎత్తు. నొప్పిగా ఉంటుందా ఎక్కువసేపు పెడితే?"

"లేదు," అందామె.

మెడ ఎర్రబడిందేమో ఆమెకి తెలియదు. అతను చూడలేదు. తన వేళ్ళ కొసలు కమిలిపోతుంటే ఆమె ఆ చేతిని అతను పెట్టిన ఎత్తులోనే ఉంచి, రెండో చేత్తో మడత పూర్తిచేసింది. ఇంకొకటి తీసుకోమన్నాడు. తీసుకుంది.